కడ్డీ మీద తడి

పాత ట్యాంకు నిలబడి ఉండేది, మనిషిలాగా.
కడ్డీ దించితే పావంటే పావే, సగమంటే సగమే.
ఇరవై రెండేళ్లు దాని మాట నమ్మాను.
చివరికి తుప్పు తినేసింది.
పోయిన వేసవిలో ఓడ కొత్తదాన్ని తెచ్చి
ఒడ్డున అడ్డంగా పడుకోబెట్టి వెళ్లింది,
ఎండకు ఒళ్లారబెట్టుకునే సీల్‌లాగా.

ఏప్రిల్ చివర. సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది.
మూత తిప్పి కడ్డీ దించాను.
రెండు మీటర్ల ట్యాంకులో
అరమీటరు దాకా డీజిలు తడి.
పావు, అనుకున్నాను.
దుకాణం ముందు మూగిన ఊరందరికీ అదే చెప్పాను:
రోజుకి నూట పది లీటర్లు, ముప్పై అయిదు రోజులకు సరి.
ఓడ ముప్పై మూడో రోజున వస్తుంది.
ఇంకా రెండు రోజులు మిగులు. పోయి కాఫీ తాగండి.

అందరూ కదిలారు, కుపనుక్ తప్ప.
పద్నాలుగేళ్ల పిల్ల, ముక్కు మీద మంచు కొరికిన మచ్చ.
"ఎనోక్ మామా, ఇది పడుకుని ఉంది కదా" అంది.
పడుకుంటే?
"అడుగు ఇరుకు."

మంచులో ఒక మేకు దిగ్గొట్టింది.
మీటరు తాడు కట్టి, రెండో కొస పట్టుకుని
వెనక్కి వెనక్కి నడుస్తూ
బూటు మడమతో గుండ్రంగా గీత లాగింది.
నా కుక్కలు రెండు దాన్ని తొక్కబోతే అదిలించింది.
కింది వైపున అడ్డంగా ఒక గీత: నూనె మట్టం.

విల్లు నాకు తెలుసు.
మా తాత కొమ్ముతో వంచి, నరాలతో బిగించేవాడు.
అడుగున వంగినది చాపం.
అడ్డంగా బిగిసినది జ్యా.
రెంటి నడుమ నిటారుగా నిలిచి ఉన్నది శరం.
ఇన్నాళ్లూ నేను కొలబద్ద అనుకున్న కడ్డీ
నిజానికి ఒక బాణం.
బాణం తన పొడవు చెబుతుంది గానీ
విల్లు బొజ్జలో ఎంత పడుతుందో చెప్పదు.

కేంద్రం నుంచి జ్యా రెండు కొసలకీ
రెండు తాళ్లు లాగింది.
"కేంద్రం నుంచి అంచుకి మీటరు, మట్టానికి అరమీటరు.
ఇటు అరవై డిగ్రీలు, అటు అరవై.
అంటే ఈ త్రిజ్యాంతరం గుండ్రంలో మూడో వంతు."
మూడో వంతా! పావు కంటే ఎక్కువేగా, అన్నాను
ఆశగా.
"తొందరపడకు. దీని పై భాగం త్రిభుజం.
అందులో ఉన్నది నూనె కాదు, గాలి.
గాలిని తీసెయ్యాలి."

తీసేసింది.
చేతి తొడుగు విప్పి, ఎర్రబడ్డ వేలితో
మంచు మీద అంకెలు రాసింది:
ఒకటీ పాయింట్ సున్నా నాలుగు ఏడులోంచి
సున్నా పాయింట్ నాలుగు మూడు మూడు పోగా
మిగిలిన వృత్తఖండం
సున్నా పాయింట్ ఆరు ఒకటి నాలుగు.
ట్యాంకు పొడవు అయిదు మీటర్లు.
మూడువేల డెబ్భై లీటర్లు.
ఇరవై ఏడు రోజులు. ఇరవై ఎనిమిదో రోజు పొద్దు గుంకేలోగా
జనరేటరు దగ్గి ఆగిపోతుంది.
పొద్దు గుంకడమా, ఆ వేళకి మాకు పొద్దే గుంకదు,
అదొక్కటే మా అదృష్టం.

పావుకీ, పావు అనుకున్నదానికీ మధ్య
ఎనిమిది వందల యాభై ఏడు లీటర్లు.
నా నోటి వెంట వచ్చి
ఎప్పుడూ లేని నూనె అది.

మళ్లీ దుకాణం ముందుకు వెళ్లాను.
తప్పు చెప్పానని చెప్పడానికి
మెట్టు ఎక్కలేదు, కిందే నిలబడ్డాను.
రోజుకి తొంభై మూడే, అన్నాను.
ఊరి స్నానాల గది వారానికి రెండు రోజులే తెరిచాం.
సమావేశాల హాలు మూసేశాం.
చర్చిలో కోట్లు విప్పకుండానే పాడాం,
ఆవిరి పాటకంటే ముందే పైకి పోయింది.
ఫ్రీజర్లు ఆపేసి మాంసం బయట వేలాడదీస్తే
పోరుగడ్డ తెల్ల నక్కలకు పండగ.

రాత్రి కత్తితో కడ్డీ మీద కొత్త గీతలు గాట్లు పెట్టాను,
కుపనుక్ కాగితం చూస్తూ.
ఒక్కో గీతకి వెయ్యి లీటర్లు.
అడుగున దూరం దూరం,
నడుమ దగ్గర దగ్గర,
పైకి పోయేకొద్దీ మళ్లీ ఎడం.
ముసలి చేత్తో తాగి గీసినట్టుంది, అంది నా భార్య.
కాదు, ఇదే సరైన లెక్క, అన్నాను.

పొద్దున్నే పిల్ల వచ్చి తన టేపు పెట్టి చూసింది.
మూడో గీత
అర వేలు పైకి జరిగిందట.